అపరిచిత గద్యం

రెండో సెమిస్టరుకి ఐదు కావాలన్నారు.
ఎదుటివాణ్ణి ఒప్పించే వ్యాసాలో, ఉపన్యాసాలో,
ఏవైనా ఐదు.
"చదివితే పిల్లలకి అలా రాయడం రావాలి" అన్నారు
బోర్డు చైర్మన్ గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ.

బ్రాడీపేట నాలుగో లైన్లో జిరాక్సు కుర్రాడు
నా కట్ట బరువు చూసి
"ఇన్ని మాటలా మేడం!" అన్నాడు.
ఇన్ని మాటలే.
సారా మానమన్నవి, ఓటు వెయ్యమన్నవి,
బోనులో నిలబడి తల వంచనివి,
వితంతువుకి మళ్లీ పెళ్లి చెయ్యండర్రా అని
వందేళ్ల కిందట ఎవరో లాంతరు ముందు
రాసి కొట్టేసి రాసినవి.
చాప మీద పరుచుకుని కూర్చున్నాను,
దేన్ని ఉంచాలో దేన్ని ఏరెయ్యాలో తెలీక.

నేనూ మాటకారినే ఒకప్పుడు.
"నగరమే మేలు" అని వాదించి ఒక కప్పు,
మరుసటేడు "పల్లెయే మేలు" అని ఇంకో కప్పు.
రెండూ ఇప్పటికీ ఒకే అరలో ఉన్నాయి,
ఒకదాన్నొకటి ఒప్పించలేక.

ముందుగా ఒకటి క్లాసులో చదివి చూశాను.
గొంతు ఎత్తాల్సిన చోట ఎత్తాను,
ఆగాల్సిన చోట ఆగాను.
చివరి బెంచీలోంచి ఖాజావలి లేచి
"ఇది విని ఎవరన్నా మారారా మేడం?"
వేలమంది చప్పట్లు కొట్టారయ్యా, అన్నాను.
"వాళ్లు ముందే ఒప్పుకున్నోళ్లు కదండీ."
బెల్లు ఆ రోజు ఎంతకీ కొట్టలేదు.

ఆ రాత్రి పెన్సిలు పట్టుకుని
ప్రతి ఉపన్యాసం పక్కనా ఒకటే రాసుకున్నాను:
ఎవరు?
ఇది విని, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నవాడు ఎవరు?
అప్పుడు గుర్తొచ్చింది దానమ్మ.

మూడేళ్లయింది. బాబాయి టిక్కీలు అమ్మకానికి తెస్తే
మిర్చి యార్డు దాకా తోడు వెళ్లాను.
అవతలి షెడ్డులో తొడిమలు తీసేవాళ్ల కూలి లెక్క,
కాటా తక్కువ చూపిస్తోందని గొడవ.
అరిచేవాళ్లు అరుస్తున్నారు.
దానమ్మ అరవలేదు. ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి,
ఒకసారి దగ్గి, అంది:

"అయ్యా, నీ ముల్లు మర్చిపోయినా నా గోళ్లు మర్చిపోవు.
రాత్రికి ఈ చేత్తో అన్నం కలుపుకోలేను,
పసిదాని మొహం తుడవలేను.
నీ కంటికి ఈ వేలు ఒక్కసారి తాకించుకో.
అప్పుడు చెప్పు, ఎన్ని కేజీలో."

అని వేలు చాపింది.
షావుకారు దాన్ని చూశాడు. కాటాని చూశాడు.
గుమస్తా వైపు తిరిగి
"మళ్లీ తూయరా" అన్నాడు.
అంతే. చప్పట్లు లేవు. తుమ్ములున్నాయి.

ఆరో వాక్యం లేని ఆ ఉపన్యాసాన్ని
ఐదో పాఠంగా రాసి బోర్డు ముందు పెట్టాను.
"మూలం?" అన్నారు.
యార్డు, పడమటి షెడ్డు.
"ముద్రితమా?"
లేదండీ.
"రచయిత్రి ఇతర రచనలు?"
అరగంట మాట్లాడాను.
ఉపమానాలు వాడాను, గణాంకాలు వాడాను,
ఆగాల్సిన చోట ఆగాను కూడా.
ఒప్పించడం పాఠం చెప్పేదాన్ని
ఏడుగురిలో ఒక్కరినీ కదపలేకపోయాను.
నా దగ్గర చాపడానికి వేలు లేదు,
సుద్దముక్క అంటిన వేళ్లు తప్ప.
టీ వచ్చింది. తర్వాతి అంశం,
హాస్టలు నీళ్ల ట్యాంకు.

మార్చిలో ప్రశ్నపత్రం నా వంతు వచ్చింది.
అపరిచిత గద్యం: పది మార్కులు.
రచయిత పేరు ఎవరూ అడగని చోటు
మా సిలబస్ మొత్తంలో అదొక్కటే.
టైపు చేశాను, దగ్గుతో సహా.

అ) షావుకారు ఎందుకు ఒప్పుకున్నాడు?

నూట పద్దెనిమిది జవాబుల్లో
"ఆమె చక్కగా వాదించినందున" అని నూటికి పైన.
ఖాజావలి మాత్రం:
"ఒప్పుకున్నాడని ఎక్కడుంది? మళ్లీ తూయమన్నాడు, అంతే.
మా అమ్మ అదే షెడ్డు. మర్నాడు మళ్లీ అదే కాటా."

ఎర్ర పెన్ను మూత తీసి
చాలాసేపు అలాగే పట్టుకున్నాను.